ఏ గట్టుకి ఏ మట్టి

భీమవరంలో మధ్యాహ్నం రెండింటికి
కరెంటు పోయి వచ్చింది.
ఫ్రిజ్ తలుపు తీసి చెయ్యిపెట్టి చూసుకున్నాను, చల్లగానే ఉన్నాయి
మూడు పెట్టెలు, మూడు రకాల జెల్లు.
ఒకటి గంజిలా జారేది,
ఒకటి పాకంలా సాగేది,
మూడోది లేత ముంజలా పెట్టినచోట నిలబడేది.

ఎదురుగా గుబ్బల రత్నమాల. యాభై రెండేళ్ళు.
పాలకొల్లులో ఫోటో స్టూడియో.
పెళ్ళి ఆల్బముల్లో ఊరందరి కళ్ళకింద నలుపూ
పాతికేళ్ళుగా చెరుపుతున్న మనిషి.
"నా ఒక్కదానికే చెరగట్లేదండీ" అంది,
తన ఫోటో బల్లమీద పెట్టి.
దానిమీద ఎర్ర పెన్సిలు బాణాలు:
ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ కూడా.

"రెండేళ్ళుండేది వేసెయ్యండి, ఆయ్.
మాటిమాటికీ బస్సెక్కి రాలేనండి.
స్టూడియో బోర్డు మారుస్తున్నాం,
ఈసారి నా బొమ్మే వేయిద్దామంటున్నాడు మా పెయింటరు."

ఎక్కువ కాలం ఉండేదే మంచిదని
ఎవరు చెప్పారో అందరికీ.

మా నాన్న నరసాపురం కాలవ మీద లాకు లస్కరు.
గండి పడిన రాత్రి లాంతరు నా చేతికిచ్చి
గట్టుమీద గొంతుక్కూర్చునేవాడు.
తట్టలతో వచ్చినవాళ్ళని వరసలో ఆపి
ఒక్కో తట్టలో పిడికెడు తీసి, పిసికి, వాసన చూసి
"ఇది అక్కడికి. ఇది వద్దు. ఇది అడుక్కి."
నల్లమట్టి తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే నోరు తెరుస్తుంది.
ఇసక ఎవరి మాటా వినదు.
మంచి మట్టేదని అడిగితే విసుక్కునేవాడు:
"ఏ చోటికో ముందు చెప్పవే."

కంటికింద చర్మం ఉల్లిపొర.
నీరు లాగే జెల్ అక్కడ పోస్తే
పొద్దుటికి వానపాము పడుకున్నట్టు లేస్తుంది.
అక్కడికి పల్చనిది, కొంచెం, చాలా కొంచెం.
చెంపకి మెత్తనిది ఆగదు,
గట్టిది, లోతుగా, ఎముకకి ఆనించి.
ఆవిడ అడిగిన రెండేళ్ళది సున్నపు రేణువుల మందు.
బలమైనదే, కాదనను.
పోశాక వెనక్కి తీసుకోలేం.
మిగతావాటికి కరిగించే మందు
ఫ్రిజ్ పై అరలో ఎప్పుడూ రెండు సీసాలుంచుతాను,
వాడే అవసరం రాకూడదని.

షుగరుందా? లేదండి.
పన్నేమన్నా పీకించారా ఈ నెల్లో? లేదండి.
రక్తం పల్చబడే మాత్రలు? లేదండి.
ఇంతకుముందు ఎక్కడన్నా సూది వేయించుకున్నారా, మొహానికి?

ఫ్యాను మూడు చుట్లు తిరిగింది.

"ఒక్కసారండి. ఎనిమిదేళ్ళవుద్ది.
బ్యూటీ పార్లరు వెనక గదిలో.
పేరు అడిగితే నవ్విందండి ఆవిడ. సీసా చూపించలేదు."

ఎడమ చెంప లోపల వేలికి తగిలింది
కందిబద్దంత గట్టిది.
నొక్కితే కదలదు, అడిగితే చెప్పదు.

పాత గండిలో ఎవడేం పోశాడో తెలీకుండా
పైన మట్టి పొయ్యనిచ్చేవాడు కాదు నాన్న.
గునపంతో తవ్వించి చూసేవాడు.
తెల్లారేసరికి జనం తిట్టుకుంటూ కూర్చునేవారు.

"ఈ రోజు సూది లేదండీ" అన్నాను.
"స్కాను రాస్తాను, లోపలేముందో చూసి అప్పుడు."
"అయితే బోర్డో?"
నా దగ్గర జవాబు లేదు.

లేచి, చెప్పులు వేసుకుని, తలుపుదాకా వెళ్ళి
వెనక్కొచ్చింది.
"ఏమనుకోకండి, మీ లైటు తప్పుచోట ఉందండి,
నెత్తిమీదుంటే ఎవరికైనా గుంటలు పడతాయి"
అని స్టాండు మెడ పట్టుకుని కిటికీ వైపు తిప్పి
అద్దం నా ముందుకు జరిపింది.
నా కళ్ళకింద నీడ సగం పోయింది.
ఆవిడ నవ్వలేదు. పనిమనిషి, పని చేసింది, వెళ్ళింది.

పెట్టెలు లోపల పెట్టేశాను.
కార్డుమీద రాశాను:
ఎడమ చెంప, పాతది, ఏమిటో తెలీదు.
లైటు అలాగే వదిలేశాను.