బాయంత బొమ్మ

అచ్చంపేటల పల్లికాయ గోదాం గోడను
షాబుద్దీన్ చాచా మూరలేసి కొలిచిండు.
ఇరవై ఎనిమిది అడ్డం, పదిహేను నిలువు.
ముప్పై ఏండ్లు టాకీసుల మిషిని తిప్పిన మనిషి,
ఇప్పుడా టాకీసు ఫంక్షన్ హాలు.
"సరిపోదు బేటా, నీ బొమ్మకు
ఇంకో ఐదు మూరల ఆకాశం గావాలె."

నేను తీసింది బాయి మీద సినిమా.
అరవై అడుగుల అడుగున ఓర్సు ఈదయ్య సమ్మెట,
ఒడ్డు మీద గిలక కాడ ఆయన పెండ్లాం ముత్తెమ్మ.
మామూలు తెరల ఇద్దర్ల ఒక్కరే పడతరు.
ఆయన్ను సూపెడితే
తాడు ఎవరి చేతులున్నదో తెల్వదు.
ఆమెను సూపెడితే
తాడు కొసకు బరువేందో తెల్వదు.

అందుకే పెద్ద కెమెరా.
మూడు దినాల కిరాయికి
మా బాపు రెండు పంటల పల్లికాయ పోయింది.
మూడో దినం మబ్బు వట్టింది.

పట్నంల ఒకాయన
ఫోన్ అడ్డం తిప్పి సూసిండు, చాయ్ తాక్కుంట.
"పైనా కిందా కోసెయ్ తమ్మీ, మంచిగ ఇముడుతది."
కోస్తే పోయేది
అటు ఆమె తలకాయ, ఇటు ఆయన కాళ్లు.
ఆయన గది కిటికీలకెల్లి కనవడే మాల్ల
ఆరంతస్తులంత తెర ఉన్నది.
దాని పునాది గుంతల మా చిన్నాయన ఫోటో దిగిండు,
తట్ట నెత్తి మీదుండంగనే.
తెర లేసినంక టికెట్ ధర సూసి
మళ్ల కల్వకుర్తి బస్సెక్కిండు.

ఎనిమిదిన్నరకు బొమ్మ వడ్డది.
గోడ వట్టనంత రేకుల మీదికెక్కింది,
రేకులు దాటిన ముత్తెమ్మ ముఖం
ఎనక యాపచెట్టు మీద వడి
గాలికి కదిలింది.
ఆ కదలిక నేను తీసింది గాదు.

ముందట కూసున్నోళ్లు మెడలు గుంజంగ లేసిండ్రు,
ఎనుకకు జరిగిండ్రు, ఇంకా జరిగిండ్రు,
రోడ్డు మీదికొచ్చిండ్రు.
శ్రీశైలం బోయే బస్సు ఆగింది.
డ్రైవర్ హారన్ కొట్టలే,
లైట్లు బంద్ జేసిండు.

ఈదయ్య మాత్రం లేవలే.
గోడను గాదు, చెట్టును సూస్తున్నడు.
రాయికి తన్నిపెట్టిన ఆమె మడమ,
నరాలు తేలిన మెడ.
"అడుగునుంటే నువ్ రూపాయి బిళ్లంతే గదనే" అన్నడు,
"గిట్ల ఉంటవని నాకేమెరుక."
ముత్తెమ్మ కొంగు నోట్లె వెట్టుకొని
పక్కామెను చెయ్యితోని పొడిసింది.

పేర్లు ఎక్కుతున్నయి. చాచా ఫ్యాన్ బంద్ జేస్తుండు.
బస్సు కిటికీలకెల్లి ఒకామె తల బయటవెట్టి
"ఇంతకు నీళ్లు వడ్డయా, లేదా?" అన్నది.

వడ్డయమ్మా.
కెమెరా వాపసిచ్చిన
రెండో దినం.