ఆరో బీరువా

బసవనగుడిలో మా కాలేజీ, మేడమీద మూలగది.
కలరా ఉండల వాసన.
ఇరవై రెండేళ్లుగా నా పని ఒక్కటే:
ఎండిన మొక్కని అట్టమీద కుదురుగా పడుకోబెట్టి
కాడకి సన్నటి కాగితం పట్టీ వేయడం.
చౌడమ్మ చేతికి జిగురు తప్ప ఇంకేదీ అంటదు
అనేవాడు క్యాంటీన్ శీనప్ప.

ఆ మంగళవారం అంటింది.

ఆరో బీరువా, అడుగు అర.
ఏదో దూరదేశపు కొండల మొక్కట,
ఏ దొర పెట్టెలోనో సముద్రం దాటొచ్చి
తొంభై ఏళ్లుగా ఇక్కడే పడుకుని ఉంది.
ఆకు పొగాకు రంగు. పువ్వు టీ మరక.
పట్టీ ఊడిందని వేలు పెట్టానో లేదో
నిప్పురవ్వ.

"అమ్మా" అనలేదు, "అవ్వా" అన్నాను.
ముళబాగిలు పక్క మా గుట్టలో కట్టెలకి పోయి
దురదగొండి పొదలో కూలబడిన నాడు
అవ్వే కదా బూడిద రుద్దింది.
గోకొద్దే, గోకితే అది నీ ఒంటిమీద ఊరు కడతాది అని.

వేదవల్లి మేడమ్ పరుగున రాలేదు.
ఆవిడ దేనికీ పరుగెత్తదు.
నా వేలు చూసింది, ఆకు చూసింది.
మా ఇద్దరిలో ముందు ఆకునే పలకరించింది:
"ఇంకా ఉన్నావా నువ్వు?"

తర్వాత మైక్రోస్కోప్ ముందు
ఆవిడ కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది.
"నూగంతా ఒకటి కాదు, సరిగ్గా చూడు.
కొక్కేలున్నవి పట్టుకోడానికి.
తలమీద జిగురు బొట్టున్నవి వేరు.
అదిగో, అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బి
పైకి గాజుగొట్టంలా సాగినవి, అవీ కుట్టేవి.
మొన విరిగితే సూది. లోపలున్నది నీకు తెలిసిందే."
మొనలో ఉన్నది
మన పంటిని గట్టిచేసే ఖనిజమేనట.
నాలుకతో నా పన్ను తడిమి చూసుకున్నాను.
నోరులేని మొక్క
ఒళ్లంతా పళ్లు మొలిపించుకుంది.

ఎండిన పువ్వుని నీటిచుక్కలో నానేసి
సూదితో విప్పింది.
అయిదు రేకులు, అయిదూ దోనెలే.
ఒక్కో దోనెలో కేసరాల గుంపు నిద్రపోతూ.
తేనెటీగ వచ్చి తేనెమూత కదిపితే
ఒక కేసరం లేచి నడిమికి నడిచొస్తుందట.
ఒకటో రెండో, అంతే. మిగతావి రాబోయే ఈగకి.
"మా అత్త చక్కెర డబ్బా ఇలాగే దాచేది" అన్నాను.
ఆవిడ నవ్వింది.
ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎవరెవరికి నవ్విందో గాని
నా ఖాతాలో అదే మొదటిది.
పువ్వు కిందే కాయ, తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగి.

పిల్లలు ఆవిడని దురదగొండి అంటారు.
నేనూ అన్నాను, క్యాంటీన్లో, రెండుసార్లు.

రెండు రాత్రులు నిద్ర లేదు.
శ్రీనగర్ అద్దెగదిలో అందరూ పడుకున్నాక
వేలొక్కటే మేలుకుని కూర్చుంది.
లైటుకి ఎత్తి చూశాను.
కోసినవాడు లేడు, మోసినవాడు లేడు,
పేరు రాసినవాడి సిరా కూడా వెలిసింది.
కాపాడుకోడానికి ఆకే లేదు, పట్టుకుంటే పొడి.
కాపలా మాత్రం డ్యూటీ దిగలేదు.

గురువారం పట్టకారుతో పట్టీ వేశాను.
అట్ట మూల పెన్సిల్‌తో
"జాగ్రత్త, ఇంకా కుడుతుంది" అని రాశాను.
అట్టమీద గీత గీసినా ఆవిడ ఊరుకోదు.
చూసింది. కళ్లద్దాలు తీసి మళ్లీ చూసింది.
వచ్చే జూన్‌కి ఈ గది కంప్యూటర్లదని
సర్క్యులర్ ఆవిడ సొరుగులోనే ఉంది.
"కన్నడలో కూడా రాయి" అంది.
"నీ తర్వాత ఎవరొస్తారో."

తలకట్లు వంచి, పెన్సిల్ గట్టిగా నొక్కి,
కుడుతుంది కింద కుటుకుత్తదె అని రాశాను.
వేలు ఇంకా కొంచెం తిమ్మిరిగానే ఉంది.