ఐదో మీట మీది చుక్క

సాలో పట్నంలో, నదికి అవతల,
ఫోన్ల ఫ్యాక్టరీలో
పద్నాలుగేళ్లు నా పని నొక్కడం.
ఒకటి, రెండు, మూడు... ఆఖరికి నక్షత్రం, సున్నా, గడి గుర్తు.
నొక్కిన మీట మళ్లీ పైకి లేవాలి,
లేవకపోతే ఎర్రబుట్టలోకి.
ఎన్ని నొక్కానో ఈ బొటనవేలికే ఎరుక.
మంచు పడే ముందు రోజు ఇప్పటికీ సలుపుతుంది.

అంతకు ముందు, మా నాన్న తానెలి
దుంగల లారీ నడిపేవాడు.
సీటు పక్కన ఒక ఫోను,
నిండు పాలక్యాను బరువు.
అమ్మ పిలవాలంటే ముందు ఎక్స్ఛేంజి అమ్మాయికి
ఆయన ఈ వేళ ఏ దిక్కున ఉంటాడో చెప్పాలి.
సరస్సు దాటాడో, మిల్లు చేరాడో,
పొయ్యి ముందు నిలబడి లెక్కగట్టేది.
ఆమె లెక్క ఎప్పుడూ తప్పలేదు.
ఒక్కసారి తప్పింది.
ఆ సంగతి ఇప్పుడొద్దు.

మా కాలెవికి ఎనిమిదేళ్లప్పుడు
మెడలో తాళంచెవి, వీపున సంచీ,
మూడింటికే చీకటి పడే నవంబరు.
తలుపు తనే తీసుకుని, జావ చల్లగానే తాగి,
గోడ ఫోను కింద స్టూలు వేసుకుని కూర్చునేవాడట.
నాకు పది నిమిషాల విరామం.
లోకానికంతా జేబు ఫోన్లు చేసే ఫ్యాక్టరీలో
గేటు దగ్గర నాణేల ఫోనుకి వరస!
నా వంతు వచ్చేసరికి గంట మోగేది,
అది మళ్లీ పనిలోకి రమ్మనే గంట.

ఇప్పుడు వాడి కూతురు పిహ్లాకి ఎనిమిది.
బడి వ్యాయామశాలలో తల్లిదండ్రులంతా కూడి
పన్నెండు నిండేదాకా ఫోను ఇవ్వం అని
కాగితం మీద సంతకాలు పెట్టారు.
మొదటి సంతకం మావాడిదే.
"తాళంచెవి చాలన్నాడు మామ్మా" అంటూ
బూట్లు విప్పకుండానే నా దగ్గర ఏడ్చింది.
ఎనిమిదా, పన్నెండా?
మీట గట్టిదో కాదో చెప్పగలను గానీ
వయసు గట్టిదో కాదో తేల్చే బల్ల
మా లైనులో ఎక్కడా లేదు.

సొరుగులోంచి ఒకటి తీశాను.
అడిగి తెచ్చుకున్న ఎర్రబుట్ట సరుకు,
పాము ఆట కూడా ఎరగని పాతది.
సిమ్ము లేదు.
పిహ్లా అద్దం మీద వేలితో రాసింది.
"చచ్చిపోయిందా?"
"నొక్కాలమ్మా. కళ్లు మూసుకో.
ఐదు మీద చుక్క ఉంటుంది, తడుము.
దొరికిందా? దాని పైన రెండు, కింద ఎనిమిది.
చీకట్లో కూడా దారి తప్పవు."
పెదాలు కదుపుతూ నా నంబరు నొక్కింది,
ఏడు దగ్గర తడబడి, మళ్లీ మొదటినుంచి.
చెవికి ఆనించుకుంది.
"మామ్మా, ఇంటికొచ్చేశాను. లైటు వేశాను."

బల్లకు ఇటుపక్క, మూరెడు దూరంలో ఉన్నాను.
గొంతులో ఏదో మీట
లోపలికి పోయి లేవలేదు కాసేపు.
"జావ వేడి చేసుకు తాగు నాన్నా," అన్నాను,
"చల్లగా తాగకు. నేనొచ్చేస్తున్నా."

తలుపు దగ్గర చప్పుడు.
టోపీ మీద మంచుతో కాలెవి,
ఎప్పటినుంచి నిలబడ్డాడో.
"ఎవరితో మాట్లాడుతున్నారు?"

పిహ్లా కళ్లు తెరవకుండానే
ఫోను వాడి వైపు చాపింది.
"నీకే నాన్నా."

వాడు చేతితొడుగు తీశాడు.