ముప్పై తొమ్మిదో బొమ్మ

శుక్రవారం సంతలో
పాత ఇస్త్రీపెట్టెలకీ పగిలిన ఫోన్లకీ మధ్య పడుండె.
నాలుగు దీనార్లన్నాడు మిసిరీవాడు, మూడున్నరకి ఇచ్చినాడు.
చేతిలోకి తీసుకుంటే బరువు.
ఏసీ కంప్రెసర్లు మోసే చెయ్యి నాది,
బరువుండే వస్తువంటే నాకు నమ్మకం.

బ్యాటరీ మూత తీస్తే పచ్చగా చిలుము.
లోపల వెలుతురు కొలిచే ముల్లు ఎప్పుడో పడుకునింది.
అయినా మీట లాగి పైన బొత్తాం నొక్కితే
టక్.
కువైట్‌లో కరెంటు లేకుండా పనిచేసేదాన్ని
ఆరేండ్లలో అదొక్కటే చూసినా.

ఫర్వానియాలో ఫిల్ము కడిగే మలయాళీ పెద్దాయన, వర్గీసు,
ముల్లు పోతే పోనీ, నీ నీడని చూసుకో అన్నాడు.
నీడ అంచు కత్తిరించినట్టుంటే పదహారు,
కొంచెం చెదిరితే పదకొండు,
మబ్బేస్తే ఎనిమిది.
మబ్బు యాడొస్తుంది సార్ అంటే,
అయితే ఇరవై రెండు పెట్టు, ఇక్కడ ఇసక కూడా ఎండే కదా అన్నాడు.
అద్దం వెనక రేకులు ముడుచుకుంటాయి.
బెజ్జం ఎంత చిన్నదైతే
అంత దూరం తేటగా పడుతుందంట.
మధ్యాహ్నం మిద్దె మీద యూనిట్లు విప్పేటప్పుడు
మేము కండ్లు చికిలించేదీ అందుకేనేమో.

ఆయన చెప్పనిది ఒకటి నాకే తెలుసు.
చల్లటి గదిలోంచి బయటికి తెస్తే
ఆగస్టు గాలికి అద్దానికి చెమట పడుతుంది.
తుడవకూడదు.
చెమ్మ సంగతి నాకొకరు చెప్పాల్సిన పనిలేదు, నా కూడే అది.
లుంగీలో చుట్టి మెట్ల మీద పది నిమిషాలు కూర్చోబెడతా,
విమానం దిగిన కొత్తోడిని కూర్చోబెట్టినట్టు.

చూసే కంతలో నడిమధ్య ఒక గుండ్రం, దానికి అడ్డగీత.
ఓబులేసు మీసం గీత పైన ఒకచోట, పెదాలు కింద ఇంకోచోట.
రింగు తిప్పుతా పోతే రెండు ముక్కలూ జరిగి జరిగి
మనిషి అతుక్కుంటాడు.
సగం ఈడ, సగం ఆడ, మన బతుకే కదబ్బీ అన్నా.
పెద్ద మాటలొద్దు, మెడ నొస్తాంది, బిన్నా నొక్కు అన్నాడు
పక్కన వంతు కోసం నిలబడిన ఖాదర్‌వలి.

బిన్నా కుదరదు దీంతో.
తొమ్మిదిమందికీ ఒకటే తెల్లచొక్కా, నాగమునెయ్యది.
ఒకడు విప్పితే ఇంకొకడు తొడుక్కుని గోడకి నిలబడినాడు.
చివరికి కాలరు తడిసి బూడిదరంగుకొచ్చింది.
రింగు తిప్పేంతసేపు చూడాల్సొచ్చి చూసినా:
ఓబులేసు కుడి కనుబొమ్మ మధ్యలో తెగుంటుంది.
నాగమునెయ్యకి ఒక చెవి చిన్నది.
పక్కపక్క మంచాలు, ఆరేండ్లు.

ముప్పై ఆరు అయింది. మీట ఆగలే.
ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది.
ఫిల్ము ఎక్కువ చుట్టినారు, అదృష్టం అనుకున్నా.
ముప్పై తొమ్మిదికి నూనె రాసినట్టు జారిపాయ.
అప్పుడు జ్ఞాపకమొచ్చింది వర్గీసు మాట,
లాగినప్పుడల్లా ఎడమపక్క గుబ్బ తిరగాల, చూసుకో అని.
నేను మొహాలు చూస్తా ఉంటి.

రాత్రి దుప్పటి కింద వెనక తలుపు తెరిచి తడిమితే
ఫిల్ము నాలుక మడత పడకుండా
నేను పెట్టిన చోటే ఉండాది,
ఒక్క మొహమూ మింగకుండా.

పోయిన నెల క్షమాభిక్షలో వెళ్లిపోయినాడు నాగమునెయ్య.
చొక్కా కూడా తీసుకుపోయినాడు.
రాయచోటి నుంచి వారానికొకసారి వాయిస్ పెడతాడు,
కడిగిచ్చినావా అబ్బీ, దాంట్లో బాగుండి ఉంటా నేను అని.
ఔ, బాగున్నావు అంటా.
అది అబద్ధం కాదు.
గీత దగ్గర ఆ మీసం అతుక్కోవడం
చూసింది నేనొక్కడినే.

ఈ శుక్రవారం కొత్త రీలు.
నాలుకని గాటులో దూర్చి, పంటికి బెజ్జం తగిలించి,
తలుపు మూసి, గుబ్బ బిగించి, మీట లాగినా.
గుబ్బ తిరిగింది. కొంచెమే.
ఓబులేసు పనిచొక్కాతోనే గోడకి నిలబడినాడు.
ఇదివరకే నలభై దాకా తీసినావు గదా, ఇది ఎన్నోదబ్బీ?

మొదటిది, అన్నా.
మెడ అట్లనే పెట్టు, కదలొద్దు.