లోపలి రేవు

మహారాణిపేటలో స్కానింగు గది బయట
ఆడో మగో అడగరాదని బోర్డు.
అదొక్కటీ చెప్పలేదు.
మిగతాదంతా చెప్పారు.

కడుపు మీద జెల్లు చల్లగా.
తెర మీద బూడిదరంగు వాన,
వానలో నీ గుండె,
చింతగింజ కన్నా కాస్త పెద్దది.
డాక్టర్ శశిరేఖ గారు కబుర్లాడుతూ ఆడుతూ
ఒక చోట ఆగిపోయారు.
ఫ్యాను చప్పుడు వినబడేంతసేపు ఆగిపోయారు.

చీటీ వెనక నాలుగు గదులు గీశారు.
రెండు గొట్టాలు.
ఇది అక్కడుండాలి, అది ఇక్కడుండాలి,
తారుమారయ్యాయి అన్నారు.
మీ నాన్న షిప్‌యార్డులో పైపు ఫిట్టరు.
చీటీని తనవైపు తిప్పుకుని చూశాడు,
కొత్త హెల్పరు తప్పు బిగించిన లైనును చూసినట్టు.
"విప్పి మార్చేస్తారా మేడమ్?"
"మారుస్తాం. పుట్టిన వారం, పది రోజుల్లో."
"ఎంత లావుంటాది గొట్టం?"
ఆవిడ చేతిలో పెన్ను చూపించి
"ఇంత కూడా ఉండదు" అన్నారు.
మీ నాన్న తన బొటనవేలు చూసుకున్నాడు.

తర్వాత గొంతు తగ్గించి
ఇంకా కొన్నాళ్ళు గడువుందనీ,
వద్దనుకుంటే అదీ మీ ఇష్టమేననీ.
బండి నో పార్కింగులో పెట్టానని
గుర్తొచ్చింది మీ నాన్నకి.
మేం ఆటోలో వచ్చాం.

"లోపలున్నంత కాలం బిడ్డకేం బాధ లేదమ్మా,
మీ రక్తం చాలు."
ఆ ఒక్క మాట పట్టుకుని
జగదాంబ దాకా నడిచాను.

మీ నాయనమ్మ బురుజుపేట వెళ్ళి
అమ్మవారికి పసుపునీళ్ళు పోసొచ్చింది.
"ఆ తల్లికే పైకప్పు నేదు,
ఏటి తక్కువయిందే?" అంది.
అని, వంటింట్లోకెళ్ళి
చాలాసేపు కొళాయి తిప్పే ఉంచింది.
మా అక్క ఫోన్లో అడిగింది
గ్రహణంనాడు ఏమన్నా కోశావా అని.
ఫోను కట్ చేశాను.
నేను కోసింది అదొక్కటే.

గడువు ఆఖరు ఒక బుధవారం.
పొద్దుట్నించీ ఎవరం ఆ ఊసెత్తలేదు.
కానాగంతల పులుసు పెట్టాను,
మీ నాన్న మారు అన్నం వడ్డించుకున్నాడు.
దీపం తీసేసి పడుకున్నా ఇద్దరికీ తెలుసు
రెండోవాళ్ళు మెలకువగా ఉన్నారని.
పన్నెండు దాటాక
"అయిపోయింది, పడుకో" అన్నాడు.
అంతే. ఇంట్లో జరిగిన చర్చంతా అదే.

మా డాబా ఎక్కితే
యారాడ కొండ పక్కన, సముద్రం మీద
లంగరేసిన ఓడల దీపాలు.
పైలట్ బోటు ఎప్పుడొస్తుందా,
ఎప్పుడు రేవులోకి పోదామా అని
రోజుల తరబడి ఊగుతుంటాయి.
నీది తిరగేసిన ప్రయాణం.
అలల్లేని నీళ్ళు ఇక్కడే, నాలోనే.
బయటున్నదే సముద్రం.
తల్లులందరూ వేళ్ళ మీద నెలలు లెక్కెట్టి
ఎప్పుడెప్పుడా అంటారు.
నేను తెల్లారకముందే లేచి
ఆ రోజును కాస్త వెనక్కి లాగుతాను.

ఏడో నెలలో నాయనమ్మ
గాజుల పొట్లం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది,
తొడగనా వద్దా అన్నట్టు.
నేనే చేతులు చాచాను.
ఆ సాయంత్రం బీచిలో
ముంత మసాలాలో పచ్చిమిర్చి కొరికానా,
ఎడమ డొక్కలో ఒక్క తన్ను తన్నావు.
ఉలిక్కిపడి చెయ్యేసుకుంటే
ఆకుపచ్చ గాజులన్నీ ఒకేసారి మోగాయి.
కోపమొచ్చిందా? రానీ.
ఈ ఊళ్ళో కారం ఇలాగే ఉంటుంది,
అలవాటు చేసుకో.

రాత్రిళ్ళు మీ నాన్న
డాక్టరమ్మ బొమ్మను పెద్ద కాగితం మీద
మళ్ళీ గీస్తున్నాడు.
స్కేలు పెట్టి. ఎర్ర లైను, నీలం లైను,
బాణం గుర్తులు.
ఎక్కడ విప్పాలో, ఎక్కడ కలపాలో.
తన చేతిలో లేదని తెలుసు,
అయినా చెరిపి గీస్తాడు, గీసి చెరుపుతాడు.
నిన్న పూర్తయింది.
కింద కుడిమూల,
యార్డు డ్రాయింగుల్లో ఓడ పేరు రాసే చోట,
ఒక గడి గీసి
ఖాళీగా వదిలాడు.