ఆకు గొడుగు

లింగరాజపురం, మూడో అడ్డరోడ్డు.
రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి
తెల్ల కారు మీద మళ్ళీ మరకలు:
గసగసాల పండు గింజలు, నమిలి ఉమ్మిన పిప్పి.
ఓబుళమ్మ బకెట్ దించి తిడుతుంది,
"పిడికెడు లేదు గబ్బిలం, దీనికింత కడుపా!"

దాని చిరునామా నాకు తెలుసు.
గోడవారి విసనకర్ర తాడి.
వేసవంతా చూశాను,
మగది ఒక్కో ఈనె కొరికి, తెంచకుండా వదిలి
ఆకు తనంతట తాను వాలేదాకా ఆగింది.
మేస్త్రీ లేడు,
పది నెలల అడ్వాన్సు లేదు.
తొలివాన రోజు ఆ ఆకు కింద
అయిదు కుక్కపిల్ల ముఖాలు
తలకిందులుగా, పొడిగా.
ఒకదాని రొమ్ముకి బొటనవేలంత బిడ్డ.

నిన్న అసోసియేషన్ వాళ్ళు కత్తి తెచ్చారు.
ఎండుమట్టలట.
ఎండినవి కావండీ, వంచినవి
అనేలోపే
గొడుగు నేలమీద.

ఇవాళ కారు శుభ్రంగా ఉంది.
ఓబుళమ్మ గుడ్డ పట్టుకుని
దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.
మెట్ల పక్క, పగిలిన సిమెంటులో
రెండాకుల మొలక.
"ఇదీ దాని పనే" అంది
పీకబోతున్నట్టే వంగి.
మిగిలిన నీళ్ళు అక్కడే పోసింది.