ముప్ఫై ఎనిమిదిన్నర

ప్వెబ్లా నడిబొడ్డున వీధులకు పేర్లుండవు, అంకెలే.
నాలుగో పడమర. ఆరో ఉత్తరం.
నేను చేరిన రోజున ముసలి రెఫూహియో
ఉత్తరాల సంచీ భుజానికి తగిలిస్తూ అన్నాడు:
"లెక్కలొస్తే చాలమ్మా, ఈ ఊళ్ళో దారి తప్పవు."
నిజమే. ప్రతి మలుపులో నాలుగు దారులు.
ఒక వీధి ఊరేగింపుతో నిండితే పక్క వీధి,
అదీ తవ్విపోస్తే దాని పక్కది.
కుక్క వెంటపడ్డా
ఎటు పరుగెత్తాలో తేల్చుకోవడమే కష్టం.

ఇరవై తొమ్మిదేళ్ళు.
ఊరు మొక్కజొన్న చేలల్లోకి పాకింది.
మొదట్లో నాగటిచాళ్ళ వెంటే పోయింది,
వంకరటింకరగానైనా ఒక సందు ఇంకో సందులో కలిసేది.
తర్వాత వచ్చినవాళ్ళు
ముందు గేటు కట్టారు, ఆ వెనక ఇళ్ళు.
వీధులిప్పుడు ద్రాక్షగుత్తులు:
అన్నిటికీ ఒకటే కాడ,
ఏ పండులోంచీ ఇంకో పండులోకి దారి లేదు.

జకరందా ఎస్టేట్, చివరి ఇల్లు, ముప్ఫై ఎనిమిది.
(జకరందా చెట్టు పేరులోనే ఉంది.)
యూఫ్రొసీనా పెరటి గోడకి అవతల
ఫిదెన్సియో కుక్కర్ కూత ఈమె లెక్కపెడుతుంది,
ఈమె దగ్గు అతను లెక్కపెడతాడు.
అతని ఉత్తరం అతనికివ్వాలంటే
గేటు, కాపలావాడి పుస్తకంలో సంతకం,
రింగురోడ్డు, మెట్ల వంతెన, మళ్ళీ గేటు, మళ్ళీ సంతకం.
మూడున్నర కిలోమీటర్లు.
ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం
నగరం ఎవరి దగ్గర నేర్చుకుందో.

పోయిన వానాకాలం గోడలో రెండు ఇటుకలు ఊడాయి.
ఎవరు ఊడదీశారంటే ఎవరూ చెప్పరు.
మొదట కుక్కలు దూరాయి. తర్వాత బడిపిల్లలు.
తర్వాత వేడి టోర్టియాలు, ఇన్సులిన్ సీసా,
ఒకసారి, దేవుడి సాక్షిగా, ఒక కుట్టుమిషను.
అప్పటికి ఇటుకలు రెండు కావులెండి.
గడ్డిలో జానెడు బాట పడింది,
ఏ ఇంజినీరూ గీయనిది.
"ఇది ఏ నంబరు వీధి?" అంది యారెత్సీ, ఏడేళ్ళది.
తడుముకోకుండా చెప్పాను: "ముప్ఫై ఎనిమిదిన్నర."

గురువారం పొద్దున కంపెనీవాళ్ళొచ్చి సిమెంటు పూశారు.
తడి ఆరకముందే ఏదో కుక్క వచ్చి పాదం మోపి,
అర్థంకాక, నిలబడి, వెళ్ళిపోయింది.
గోడలకు చెవులుంటాయంటారు.
ఈ గోడకి ఉన్న ఒక్క నోరూ కుట్టేశారు.

ఇవాళ సంచీలో ఒక కవరు.
పెన్సిలు రాత, బిళ్ళ సరిగ్గానే అంటించింది.
చిరునామా: ముప్ఫై ఎనిమిదిన్నర.
లేని చిరునామాలకి ఆఫీసులో ఒక బూడిదరంగు పెట్టె ఉంది.
సాయంత్రం దాని ముందు నుంచే నడిచాను,
రెండుసార్లు.
కవరు ఇంకా సంచీలోనే ఉంది.